బాలాకు నడిచిన మేరీ జోన్స్ - ఆ తరువాతి అరవై నాలుగు సంవత్సరములు



మేరీ జోన్స్ పేరు వినకుండా మన సండే స్కూళ్లలో పెరిగినవారు తక్కువే. వేల్స్ దేశములో ఒక బీద పిల్ల ఆరేళ్లపాటు పైసా పైసా కూడబెట్టి, పదిహేనేళ్ల వయసులో ఇరవై ఐదు మైళ్లు వట్టి కాళ్లతో నడిచి, ఒక దైవజనుని యింటికి వెళ్లి బైబిలు కొనుక్కున్నదని టీచరమ్మ చెప్పగా విన్నవాళ్లమే మనమంతా. పిల్ల చేతికి బైబిలు వచ్చేసరికి కథ అయిపోతుంది. పాట పాడి, కానుక పట్టి, ఇళ్లకు పంపేస్తారు.

అయితే ఆ పిల్ల ఆ రోజు తరువాత ఇంకా అరవై నాలుగేళ్లు బ్రతికింది. పెండ్లి చేసుకుంది, బిడ్డలను కన్నది, వారిలో ఎక్కువమందిని పాతిపెట్టింది, మగ్గము దగ్గర పనిచేసింది, తేనెటీగలను పెంచింది, ముసలితనములో చూపు పోగొట్టుకుంది. ఎనభై ఏళ్లు నిండిన తరువాత ఒక పల్లెటూరిలో కన్నుమూసింది. ఆ బ్రతుకును గూర్చి ఎవరూ పెద్దగా చెప్పరు. మేము ఈసారి ఆ సంగతులే వ్రాయదలచుకున్నాము. ముందు ఆమె ఊరును, ఆమె బడిని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. ఆ బడి సంగతి తెలియకపోతే తక్కినదంతా ఒట్టి వింత కథలాగా కనబడుతుంది.

వేల్స్ అనేది ఇంగ్లండుకు పడమటి అంచున ఉన్న కొండల దేశము. దానికి ఉత్తర భాగములో కాడెర్ ఇద్రిస్ అనే పర్వతమున్నది, ఎత్తు దాదాపు మూడు వేల అడుగులు. ఆ పర్వతము క్రింద లోయలో లాన్‌విహాంగెల్-అ-పెన్నాంట్ అని నోరు తిరగని పేరు గల ఒక చిన్న పల్లె. అక్కడ 1784 డిసెంబరు 16న మేరీ పుట్టింది. తండ్రి పేరు జేకబ్ జోన్స్, తల్లి పేరు కూడా మేరీయే. ఇద్దరూ నేతపనివారు. పిల్లకు నాలుగేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. తల్లీ కూతురూ వాగు ప్రక్కన టిన్-అ-దోల్ అనే చిన్న రాతి ఇంటిలో మిగిలారు.

ఆ ప్రాంతములో పంట అంటే ముఖ్యముగా ఓట్స్ గింజలు, సంపద అంటే గొర్రెలు. గొర్రెల ఉన్ని వడకడము, ముతక బట్ట నేయడము, మేజోళ్లు అల్లడము అక్కడి బీదవారి జీవనము. బాలా అనే ఊరు మేజోళ్లకు పేరు పడింది. మగవాళ్లు సైతము నడుస్తూ నడుస్తూ అల్లేవారట. చలికాలపు రాత్రులలో ఇరుగుపొరుగువారంతా ఒక ఇంటిలో చేరి, ఒక్క దీపము వెలుగులో కథలు చెప్పుకొంటూ అల్లుకొనేవారు. ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క దీపము వెలిగిస్తే గిట్టదు గదా. షోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మన సహోదరులకు ఈ బ్రతుకును విడమరచి చెప్పనక్కరలేదు. పిల్ల చేయి కూడా సాగితేనే ఇల్లు గడిచే బ్రతుకది. అందులో విధవరాలి ఇల్లు.

ఇక భాష సంగతి. వెల్ష్ భాష ఇంగ్లీషుకు యాస కాదు, పూర్తిగా వేరే భాష. మేరీ పుట్టిన లోయలో ఇంగ్లీషు ఎవరి నోటా వినబడేది కాదు. బిషప్ విలియం మోర్గన్ గారు 1588లోనే బైబిలు మొత్తమును వెల్ష్‌లో అచ్చు వేయించారు. అంటే మేరీ పుట్టేనాటికి వెల్ష్ బైబిలుకు దాదాపు రెండు వందల ఏళ్లు. గ్రంథమున్నది, గుడిలో చదువుతున్నారు, కాని బీదవాని ఇంటిలో లేదు. అచ్చు వేసే ప్రతులు తక్కువ, వెల ఎక్కువ. చేతికి వచ్చినా చదవగలవారు ఎందరు?

చదవడము నేర్పినవి సంచార బడులు. గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరిగారు 1731 ప్రాంతములో వీటిని మొదలుపెట్టారు. పంతులుగారు ఒక ఊరికి వచ్చి, పొలము పనులు తక్కువగా ఉండే కాలములో మూడు నెలలు ఉండి, పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు అక్షరాలు నేర్పి, తరువాత ఇంకొక ఊరికి వెళ్లిపోతారు. కట్టడము లేదు, బల్లలు లేవు, గుడియో కొట్టమో దొరికితే చాలు. నేర్పేది ఒక్కటే, తల్లి భాషలో పరిశుద్ధ గ్రంథము చదవడము. 1761లో ఆయన చనిపోయేనాటికి లక్షన్నరకు పైగా జనము ఈ బడులలో కూర్చుని లేచారు. ఆ దేశ జనాభాయే అప్పటికి నాలుగైదు లక్షలు. ఆయన తరువాత బెవన్ అనే ధనవంతురాలు ఈ పనిని సాగించి, తన ఆస్తిని కూడా దీనికే వ్రాసి 1779లో చనిపోయింది. బంధువులు వీలునామా మీద కోర్టుకెక్కారు. డబ్బు ముప్పై ఏళ్లు కోర్టులో చిక్కుకున్నది, బడులు మూతపడ్డాయి. సంఘపు ఆస్తుల మీద వ్యాజ్యములు ఎరిగినవారము గనుక ఈ మాట దగ్గర మేము కొంచెము ఆగాము. ఆ ముప్పై ఏళ్లలో అక్షరము రాకుండా పెరిగిన పిల్లల లెక్క ఏ కోర్టులోనూ ఉండదు.

మూతపడిన ఆ పనిని మరల లేవనెత్తినవారు థామస్ చార్లెస్ గారు. 1755లో దక్షిణ వేల్స్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, పాదిరిగా అభిషేకము పొందారు. మెథడిస్టుల పక్షమువాడని ఉత్తర వేల్స్‌లో ఏ గుడిలోనూ ఆయనను నిలువనివ్వలేదు. బాలాలో సాలీ అనే ఆమెను 1783లో పెండ్లి చేసుకుని అక్కడే నిలిచిపోయారు. సాలీ గారికి ఊరిలో దుకాణమున్నది. ఆ దుకాణము నడిపి ఆమె సంసారమును పోషిస్తే, ఆయన గుర్రమెక్కి కొండలలో తిరిగి బడులు పెట్టారు. చార్లెస్ గారి చరిత్రలు చాలా ఉన్నాయి, సాలీ గారి దుకాణము మీద ఒక పుస్తకము వ్రాయవలసినదని మా అభిప్రాయము. 1785 ప్రాంతములో బడులు మరల మొదలైనవి. మేరీ బాలాకు నడిచిన ఆ ఏడాది ప్రాంతములోనే, మంచు పడే చలిలో ఒక కొండ దాటుతూ చార్లెస్ గారి బొటనవ్రేలు చలికి చచ్చిపోయింది, దానిని తీసివేయవలసి వచ్చింది.

ఆయనకు పంతుళ్లు దొరకడము కష్టమైపోయింది. దొరికినవారికి తానే ముందు నేర్పి పంపేవారు. వారిలో లూయిస్ విలియమ్స్ అనే ఒకాయన తాను సరిగా చదవలేని స్థితిలోనే పిల్లలకు బడి పెట్టాడు. దగ్గరి పట్టణములో పెద్ద బడికి వెళ్లే కుర్రవాళ్లను పిలిచి చదివే పందెము పెట్టి, వాళ్లు ఏ మాటను ఎలా పలుకుతున్నారో చెవి యొగ్గి విని, దానినే తరువాత తన పిల్లలకు చెప్పేవాడట. ట్రైనింగు కాలేజీలో బోధనా పద్ధతులు చదువుకొని, జీవితమంతా పంతులు పనిలో గడిపిన మాకు ఈ మనిషిని తలచుకొంటే నవ్వు వస్తుంది, ఆ వెంటనే తల వంగుతుంది.

మేరీకి పదేళ్ల వయసులో ఆమె ఇంటికి రెండు మైళ్లలో ఉన్న అబర్‌గనోల్విన్ అనే ఊరిలో ఇటువంటి బడి పెట్టారు. జాన్ ఎలిస్ అనే ఆయన దానిని తెరిచారు. మేరీ నడిచి వెళ్లి నేర్చుకున్నది. చదవడము వచ్చిన తరువాత చదవడానికి ఇంటిలో పుస్తకము లేదు. వేరొక దిక్కున రెండు మైళ్ల దూరములో ఒక రైతు ఇంటిలో బైబిలున్నది. ఆ ఇంటి యజమానురాలు వచ్చి చదువుకోనిచ్చింది. వారానికొకసారి నడిచి వెళ్లడము, వచ్చే ఆదివారపు పాఠము చూసి కంఠస్థము చేసుకోవడము, మరల నడిచి రావడము. ఆ ఇంటావిడ పేరు చాలా కథలలో ఉండదు. కాని వారము వారము తలుపు తట్టే ఒక బీద పిల్లను విసుక్కోకుండా లోపల కూర్చోబెట్టడము చిన్న సంగతి కాదు.

ఆరేళ్లు కూడబెట్టిన సంగతి మీకు తెలిసినదే. కోడిగ్రుడ్లు అమ్మిందనీ, పొరుగువారి పిల్లలను ఆడించిందనీ, మేజోళ్లు అల్లిందనీ ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెబుతారు. అటువంటి బీద పిల్ల చేయగలిగిన పనులు ఇవే గనుక ఇందులో అనుమానపడవలసినది లేదు. మేము గమనించమనేది కాలమును. 1799 నుండి 1801 వరకు ఆ దేశములో పంటలు చెడి, ధాన్యము ధర విపరీతముగా పెరిగిపోయింది. అటువంటి రోజులలో ఇంటిలో రొట్టె లేనప్పుడు కూడా ఆ డబ్బాలో చేయి పెట్టకుండా తల్లి ఊరుకున్నది. మేరీ గురించి చెప్పినంతగా మేరీ తల్లి గురించి మనము చెప్పము.

1800లో మేరీ బయలుదేరింది. దారి ఇరవై ఐదు మైళ్లకు పైమాటే, కొండ దారి. బాలాలో ఒక బోధకుని ఇంటిలో రాత్రి నిద్రించి, ఉదయమున ఆయన వెంట చార్లెస్ గారి ఇంటికి వెళ్లిందని పాత కథనము. లండనులోని ఒక క్రైస్తవ సంఘము 1799లో పది వేల వెల్ష్ బైబిళ్లు అచ్చు వేయించింది. అవి వచ్చినవి వచ్చినట్లే చెల్లిపోయినవి. చార్లెస్ గారి దగ్గర మిగిలినవి ఎవరెవరికో మాట ఇచ్చి పెట్టినవి. పిల్ల ఏడ్చింది. ఆయన వేరొకరికి ఉంచిన ప్రతిని తీసి ఆమెకిచ్చారని ఒక విధముగా చెబుతారు. బైబిళ్లు ఇంకా రాకపోతే మేరీ రెండు రోజులు ఆ ఊరిలోనే ఆగిందనీ, వచ్చిన తరువాత ఆమె బీదతనము చూసి ఒకదాని వెలకు మూడిచ్చారనీ ఇంకొక విధముగా చెబుతారు. మూడు ప్రతులన్న మాటకు బలమున్నది, ఎందుకంటే ఆమెవి అని చెప్పే బైబిళ్లు రెండు ఈనాటికీ వేరు వేరు చోట్ల ఉన్నాయి.

ఆమె తన బైబిలులో అపోక్రిఫా చివరి పేజీలో తన చేతితో నాలుగు మాటలు వ్రాసుకున్నది. తాను పుట్టిన తేదీ, తన పదహారవ ఏట దీనిని కొన్నానన్న సంగతి, తల్లిదండ్రుల పేర్లు, దేవుని కృప కొరకు ఒక చిన్న ప్రార్థన. విచిత్రమేమిటంటే ఆ మాటలు వ్రాసింది ఇంగ్లీషులో. వెల్ష్ బైబిలు కొరకు అంత దూరము నడిచిన మనిషి, శాశ్వతముగా ఉండవలసిన మాట వ్రాసుకొనే చోట పెద్దల భాష అనుకున్నదానిని వాడింది. మన ఇళ్లలో పెండ్లి శుభలేఖలు ఏ భాషలో అచ్చు వేయిస్తున్నామో చూసుకొంటే ఆమెను అడగవలసిన పని ఉండదు.

తరువాతి సంగతి కొంత వేగముగా చెబుతాము. 1802 డిసెంబరులో చార్లెస్ గారు లండను వెళ్లి, తన దేశములో బైబిళ్ల కరువును గూర్చి ట్రాక్టు సొసైటీ కమిటీకి చెప్పారు. ఆ సొసైటీకి సెక్రటరీ జోసెఫ్ హ్యూస్ గారు, బాప్టిస్టు కాపరి. వేల్స్ కొరకు ఒక సంఘము పెట్టేటట్లయితే లోకమంతటి కొరకు ఎందుకు పెట్టకూడదని ఆయనే లేవదీశారు. మేరీ జోన్స్ మెథడిస్టు, చార్లెస్ గారు మెథడిస్టు, అయినా ఆ మాట పుట్టింది ఒక బాప్టిస్టు నోట. ఇందుకు మనము కొద్దిగా సంతోషించవచ్చును. 1804 మార్చి 7న లండనులో సుమారు మూడు వందలమంది సమావేశమై బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీని స్థాపించారు. మొదటి అధ్యక్షుడు టీన్‌మౌత్ ప్రభువు, అంతకు కొన్నేళ్ల ముందు కలకత్తాలో గవర్నరు జనరలుగా పనిచేసిన సర్ జాన్ షోర్. 1806లో సొసైటీవారి మొదటి వెల్ష్ క్రొత్త నిబంధనలు బండిలో బాలాకు వస్తుంటే జనము ఊరి వెలుపలికి ఎదురు వెళ్లి, బండిని తామే లాక్కొని వచ్చి, ఉన్నవన్నీ అక్కడికక్కడే తీసుకున్నారట.

సరిగ్గా ఆ రోజులలోనే, 1805లో, లండన్ మిషనువారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నములో దిగి తెలుగు నేర్చుకోవడము మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే మారిన బ్రాహ్మణుడు వారికి సహాయము చేశాడు. అయిదేళ్లు తిరిగేసరికి ఆ మిషనెరీలిద్దరూ చనిపోయారు. వారు తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయినవి. మన తెలుగు లేఖనముల కథ మేరీ కథకు సమకాలికమని చెప్పడానికే ఇది వ్రాశాము.

ఇప్పుడు మరల మేరీ దగ్గరకు వెళ్దాము. లండనులో ఇంత జరుగుతుంటే ఆమె ఏమి చేస్తున్నది? నేస్తున్నది. సొసైటీ మొదలైన సభలో ఆమె పేరు ఎవరూ పుస్తకములో వ్రాయలేదు. ఆమెకు సన్మానము లేదు, ఉద్యోగము లేదు. 1813లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, థామస్ లూయిస్ అనే నేతపనివానిని వివాహము చేసుకున్నది. కొంతకాలానికి సముద్రతీరమునకు దగ్గరగా ఉన్న బ్రిన్‌క్రిగ్ అనే పల్లెకు కాపురము మార్చారు. ఆరుగురు బిడ్డలు పుట్టారు. వారిలో ఎక్కువమంది చిన్నతనములోనే పోయారు. బ్రతికిన ఒక కుమారుడు అమెరికాకు వెళ్లిపోయాడు.

ఈ ఒక్క వాక్యము వ్రాసి దాటిపోవడము మాకు కష్టముగా ఉన్నది. ఆ కాలములో అమెరికాకు వెళ్లడమంటే వారాల తరబడి ఓడ ప్రయాణము, బీదవారికి తిరిగి రావడమన్నది లేదు. ఉత్తరము వస్తే వచ్చింది, లేకపోతే లేదు. మన పెద్దలు నేత కొరకు షోలాపూరుకో, గనుల పని కొరకు కోలారుకో, రైలు పని కొరకు ఖరగ్‌పూరుకో బయలుదేరినప్పుడు గడపలో నిలబడిన తల్లులు ఎందరో ఉన్నారు. మనము వెళ్లినవారి సంతానము. వెళ్లిన మన తాతల కష్టములు మన ఇళ్లలో చెప్పుకొంటాము, ఉండిపోయిన ఆ ముత్తవ్వల పేర్లు మనలో సగము మందికి తెలియవు. మేరీ జోన్స్ అటువంటి ఉండిపోయిన తల్లి.

ఆమె పెద్ద వయసు బ్రతుకులో కనబడేవి మూడు. ఒకటి ఆ బైబిలు. పొద్దు ప్రొద్దున చదువుకొని, అధ్యాయములకు అధ్యాయములు నోటికి పట్టి ఉంచింది. రెండవది బ్రిన్‌క్రిగ్ గుడిలోని సహవాసము. మూడవది తేనెటీగలు.

ఇంటి పెరటిలో ఆమెకు తేనెపెట్టెలుండేవి, అవి ఒకటి రెండు కాదు, చాలా ఉండేవి. ఎండకాలములో ఆమె పెట్టెల దగ్గరకు వెళ్తే ఈగలు ఆమె చుట్టూ మూగేవి గాని కుట్టేవి కావని ఊరివారు చెప్పుకొనేవారు. ఈగలు పెంచేవారికి ఇందులో వింత లేదు. తొందరపడకుండా, చేయి విదిలించకుండా మెలగేవారిని అవి కుట్టడము తక్కువ. తేనె అమ్మిన డబ్బు ఇంటి ఖర్చుకు. మైనము అమ్మిన డబ్బు బైబిల్ సొసైటీకి, మిషనెరీ సంఘమునకు. ఇది ఆమె ఏర్పాటు. ఈ విభజన బాగా ఆలోచించి చేసినదని మాకు తోస్తుంది. ఇంటిని ఎండగట్టి ఇవ్వలేదు, మిగిలితే ఇద్దామనీ ఊరుకోలేదు. తేనె ఏ ఏడు తక్కువ వస్తే ఆ ఏడు ఇల్లు ఇబ్బంది పడింది, మైనము ఏ ఏడు తక్కువైతే సొసైటీకి తక్కువ వెళ్లింది. ఈగలు ఇద్దరికీ సమానముగా పనిచేశాయి.

1854లో బైబిల్ సొసైటీవారు చైనా దేశమునకు పది లక్షల క్రొత్త నిబంధనలు పంపాలని చందాలు ఎత్తినప్పుడు మేరీ ఒక అర సావరిన్ బంగారు నాణెము ఇచ్చింది. పది షిల్లింగుల విలువ. డెబ్బై ఏళ్లు నిండబోతున్న నేతగత్తె దగ్గర అంత డబ్బు ఉండడమే విశేషము. ఎన్నడూ చూడని దేశము, పేరు కూడా పలకలేని భాష. అయినా ఆ దేశములో తనవంటి పిల్ల ఒకతె తన భాషలో చదువుకొనే పుస్తకము లేక ఉంటుందన్న సంగతి ఆమెకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఆమె ముసలితనములో ఆ దేశములో ఇంకొక సంగతి జరిగింది. 1847లో ప్రభుత్వమువారు పంపిన ముగ్గురు కమిషనర్లు వేల్స్ బడులను చూసి పెద్ద నివేదిక ఇచ్చారు. వారికి వెల్ష్ రాదు. ప్రజల వెనుకబాటుకు వారి భాషే కారణమన్నట్లు వ్రాశారు. అప్పటికే కొన్ని బడులలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాని మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవారు. వాడు ఇంకొకడు వెల్ష్ మాట్లాడగా విని వాని మెడకు మార్చాలి. సాయంత్రము ఎవరి మెడలో ఉంటే వానికి దెబ్బలు. ఇందులో బాధ కలిగించేది, అనేక చోట్ల తల్లిదండ్రులే దీనికి ఒప్పుకోవడము. పిల్లలకు ఇంగ్లీషు వస్తే బ్రతుకుతెరువు దొరుకుతుందని వారి ఆశ. ఆ ఆశను తప్పుపట్టలేము. మనము కూడా పిల్లలను కన్నడ బడికో, అరవ బడికో, ఒడియా బడికో, మరాఠీ బడికో, ఇప్పుడు అందరమూ ఇంగ్లీషు బడికో పంపుతున్నాము. ఉన్న దేశపు భాష నేర్చుకోకుండా ఉండడము మంచిది కాదు, అది ఆ దేశమును ప్రేమించకపోవడమే.

అయినా వెల్ష్ భాష చావలేదు. దానిని నిలిపిన చోటు సండే స్కూలు. పగటి బడిలో మెడకు చెక్క తగిలించుకున్న పిల్లవాడే ఆదివారము గుడికి వచ్చి తల్లి భాష అక్షరాలు చదివేవాడు. పిల్లలే కాదు, నెరసిన తలల పెద్దలు కూడా అక్షరమాల దగ్గర కూర్చునేవారు. పెద్దలకు వేరుగా తరగతులు 1811 ప్రాంతములో చార్లెస్ గారే మొదలుపెట్టారు. మా సంగతి చెప్పాలంటే, ఆరాధనలో కీర్తన ఎత్తుకొన్నప్పుడు యౌవనస్థులు పుస్తకము తెరిచి పట్టుకొని పెదవులు మాత్రము కదుపుతూ ఉండడము చూస్తూనే ఉన్నాము. మాట వస్తుంది, అక్షరము రాదు. కొందరు పాటను కన్నడ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసుకొని పాడుతున్నారు. పాడుతున్నారు గదా అని సంతోషించేవారున్నారు. కాని పాట వ్రాసుకోవచ్చును, అరవై ఆరు పుస్తకములను అలా వ్రాసుకోలేరు గదా. తాతగారి పేరు వ్రాసి ఉన్న పాత తెలుగు బైబిలు అలమారలో ఉండి, ఇంటిలో దానిని చదవగలవారు లేకపోతే, 1794లో టిన్-అ-దోల్ ఇంటికీ ఆ ఇంటికీ మాకు భేదము కనబడదు. అక్కడ చదివేవారుండి పుస్తకము లేదు, ఇక్కడ పుస్తకముండి చదివేవారు లేరు. లూయిస్ విలియమ్స్ వంటి సగము చదువు పంతులు ఒకడు చలికాలములో మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పిన పని అది. మన సంఘాలలో రిటైరైన టీచర్లు ఎందరున్నారో వచ్చే అసోసియేషను కూడికలో లెక్కపెట్టి చూడవచ్చును.

మేరీ భర్త ఆమెకంటె ముందుగానే చనిపోయాడు. చివరి సంవత్సరాలలో ఆమెకు చూపు పోయింది. బైబిలు ప్రక్కనే బల్ల మీద ఉండేది, చదవలేదు. కాని చిన్ననాడు ఆ రైతు ఇంటిలో, పుస్తకము మరల వారము వరకు దొరకదని కంఠస్థము చేసే అలవాటు పడినది గనుక, ఇప్పుడు అదే పనికి వచ్చింది. పుస్తకము తనది కాని రోజులలో నేర్చినది, పుస్తకము తనదై ఉండి కళ్లు లేని రోజులలో తోడున్నది. బీదతనము పోలేదు. ప్రపంచమంతటా పెరిగిన ఆ సొసైటీలో ఆమె అప్పటికీ మైనము అమ్మి చందా ఇచ్చే ఒక ముసలమ్మ మాత్రమే.

1864 డిసెంబరు చివరి వారములో, ఎనభయ్యవ పుట్టినరోజు దాటిన కొద్ది దినాలకు, ఆమె ప్రభువునందు నిద్రించింది. బ్రిన్‌క్రిగ్‌లో బేత్లెహేము అనే గుడి ఆవరణలో పాతిపెట్టారు. ఆమె కథ పుస్తకముగా వచ్చింది ఆ తరువాతనే. డోల్గెల్లీ ఊరివాడైన రాబర్ట్ ఆలివర్ రీస్ గారు 1879లో వెల్ష్ భాషలో దానిని ప్రకటించారు. తరువాత ఇంగ్లీషులోనికి, అక్కడ నుండి లోకములోని అనేక భాషలలోనికి వెళ్లింది. ఆమె పుట్టి పెరిగిన ఇల్లు పడిపోగా మిగిలిన గోడల మధ్య, ఆ జిల్లా సండే స్కూళ్లవారు చందాలు వేసుకొని 1907లో ఒక రాతి స్తంభము నిలబెట్టారు. 2014లో బాలా దగ్గర లానికిల్‌లో, చార్లెస్ గారి సమాధి ఉన్న పాత గుడిని ఆమె పేర ఒక ప్రదర్శనశాలగా తెరిచారు.

ఆమె చేతివ్రాత ఉన్న బైబిలు ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయములో, బైబిల్ సొసైటీ వారి పుస్తకములతో కలిసి భద్రముగా ఉన్నది. ఆమె బాలా నుండి మోసుకొని వచ్చినదని చెప్పే ఇంకొక ప్రతి ఆబరిస్త్‌విత్ ఊరిలో, వేల్స్ జాతీయ గ్రంథాలయములో ఉన్నది.  వెల్ష్ బడులలో చదివేవారు అందులోని పేజీని ఈనాటికీ ఆగి చదవగలుగుతారు.